తువ్వాల కింది మాట

పదకొండేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. పెద్ద మాట కాదు. "వద్దు" అనే మాట. మా నాయన మాటగా నలుగురి ముందు నేను చెప్పాను. నాయన ఆ మాట అనలేదు.

చూశారా, అప్పుడే సగం చెప్పేశాను. దుకాణంలో పుట్టి పెరిగినదాన్ని, సరుకంతా ఒకేసారి ముందు పోయకూడదని తెలుసు. ముందు నాసిరకం చూపించాలి. కొనేవాడు మొహం తిప్పుకున్నాక మంచిది తీయాలి. ఇక్కడ ఆ విద్య పనికిరాదు, ఎందుకంటే ఈ విషయంలో నా దగ్గర ఉన్నదంతా నాసిరకమే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల దగ్గర ఎన్నోసార్లు నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ వాన గురించో, చింతపండు గురించో మాట్లాడి మూసుకున్నాను.

మాది బూర్గంపాడు. గోదావరికి ఇవతల మేము, అవతల భద్రాచలం. ముందు గదిలో కిరాణా దుకాణం, వెనక గదుల్లో మేము. నాయన అసలు వ్యాపారం మాత్రం అడవి సరుకు. సంతరోజు గూడేల నుంచి చింతపండు, ఇప్పపువ్వు, తేనె వచ్చేవి. నాయన అవి కొని, ఖమ్మం నుంచి వచ్చే పెద్ద షావుకార్లకు అమ్మేవాడు. ఆ అమ్మకంలో ధర నోటితో చెప్పరు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చేతుల మీద తువ్వాల కప్పుకుంటారు. లోపల ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ పదిమంది నిలబడ్డా అది ఆ ఇద్దరికే తెలుస్తుంది. అంకెలు కాక ఇంకో మూడు సంగతులు చెప్పుకోవచ్చు. ఎదుటివాడి నాలుగు వేళ్లూ కలిపి గట్టిగా నొక్కితే సరే, ఖాయం. బొటనవేలి గోటితో అరచేతిలో గీరితే వద్దు. చేయి తువ్వాలలోంచి బయటికి లాగేసుకుంటే బేరం తెగిపోయినట్టు. ఆ చివరిది మాత్రం చూసేవాళ్లందరికీ కనిపిస్తుంది. లాక్కున్న మనిషిని ఆ రోజు మళ్లీ అడగరు. అది మర్యాద.

నాయనకు కొడుకులు లేరు. నాకు ఎనిమిదేళ్లప్పుడు, గిరాకీ లేని మధ్యాహ్నాల్లో, ఆటగా నాకీ వేళ్ల భాష నేర్పాడు. బెల్లం ముక్కకు బేరం. ఆయన ఎంత చెప్పినా నేను గోటితో గీరేదాన్ని. "ఇది ఎప్పటికైనా నన్నే ముంచుతది" అని వచ్చినవాళ్లతో చెప్పి మురిసేవాడు.

మా చెల్లెలు విమల నాకన్నా తొమ్మిదేళ్లు చిన్నది. దాన్ని కన్నాక అమ్మ ఎక్కువ కాలం బతకలేదు. దానికి జడలు వేసింది, జ్వరమొస్తే ఒళ్లో పెట్టుకుంది నేనే. నన్ను సత్తుపల్లి ఇచ్చారు. నాలుగేళ్లున్నాను. పిల్లలు కలగలేదని వాళ్లు ఇంకో పిల్లను చూసుకున్నారు. నేను పెట్టె పట్టుకుని బూర్గంపాడులో బస్సు దిగాను. నాయన ఒక్క ప్రశ్న అడగలేదు. దుకాణంలో తన పీట పక్కన ఇంకో పీట వేశాడు. అంతే. ఆ పీట మీద కూర్చున్న రోజే నాలో ఏదో గట్టిగా ముడి పడింది. ఈ మనిషి నావాడు. లోకంలో నాకని మిగిలినవాడు ఈ ఒక్కడే. దాన్ని ప్రేమ అనుకున్నాను. ఎవరు మాత్రం కాదంటారు?

విమల ఖమ్మంలో చదువుకుంటూ ఒక మాస్టారును పెళ్లి చేసుకుంది. మా కులం కాదు. నేలకొండపల్లి బడిలో ఉద్యోగం. ఆ తర్వాత ఐదేళ్లు నాయన దాని పేరెత్తలేదు. నేను బాధపడ్డాను. అది అబద్ధం కాదు. కానీ బాధపడుతూనే, లోపలెక్కడో, పీట సర్దుకుని ఇంకొంచెం విశాలంగా కూర్చున్నాను. అదీ అబద్ధం కాదు.

తర్వాత నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. తల ఆగకుండా ఊగుతుండేది, దాన్నిబట్టి అవునంటున్నాడో కాదంటున్నాడో తెలిసేది కాదు. అయినదానికీ కానిదానికీ కన్నీళ్లు కారేవి. ఈ జబ్బులో అంతేనని భద్రాచలం దవాఖానాలో డాక్టరు చెప్పాడు. ఎడమ చేయి ఒక్కటే మిగిలింది, దాని వేళ్లు కూడా కొంచెం వంకరపోయాయి. ఒక రోజు అన్నం తినిపిస్తుంటే ఆ చేయి మెల్లగా పాకి, నా కొంగు కింద నా వేళ్లు వెతుక్కుంది. గోటితో గీరింది. వద్దు, కడుపు నిండింది. నేను ముద్ద పట్టుకునే ఏడ్చాను.

ఆ రోజు నుంచి నాయనకు నోరు నేనే. వంకరపోయిన వేళ్లు నలుగురికీ చూపించడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. తువ్వాల కప్పితేనే చేయి ఇచ్చేవాడు, అదీ నాకే. పప్పు వండాలా, బీరకాయా? తేనె ఇప్పుడే అమ్మాలా, ఆగాలా? ఎవరొచ్చినా నన్ను అడిగేవారు. నేను తువ్వాల కప్పి, నాయనను అడిగి, జవాబు చెప్పేదాన్ని. ఇంకో సంగతి చెప్పకుండా దాటలేను. నా బతుకులో అంత సంతోషంగా నేనెప్పుడూ లేను. కన్నతండ్రి మంచాన పడ్డాక. ఇలాంటి సంతోషానికి ఏ పేరు పెట్టాలో మీకు తెలిస్తే మీరే పెట్టుకోండి.

కొన్ని నెలలకు నాయన నా వేళ్లు రెండు పట్టుకోవడం మొదలుపెట్టాడు. రెండు. పొద్దున రెండు, సాయంత్రం రెండు. "ఏంది నాయనా రెండు, రెండు ముద్దలు చాలా?" అనేదాన్ని. ఆయన గోటితో గీరి, మళ్లీ రెండు పట్టుకునేవాడు. నాకు మొదటి రోజే తెలిసింది. మా ఇంట్లో విమల రెండోది. తెలియనట్టు నటించడానికి ఎంత తెలివి కావాలో, అంతా నా దగ్గర ఉంది.

ఆ రోజుల్లోనే గుళ్లో పురాణం జరుగుతుండేది. పంతులుగారు ఒక రాజు కథ చెప్పారు. రాజ్యం, భార్య, పిల్లలు అన్నీ వదిలి అడవికి పోయి తపస్సు చేసుకుంటున్నవాడు, తల్లి చచ్చిన జింకపిల్లను చేరదీస్తాడు. కాపాడటం తప్పు కాదు. కానీ రానురాను అది కాసేపు కనబడకపోతే ప్రాణం విలవిల్లాడుతుంది. చివరి ఘడియలో కూడా దాన్నే తలుచుకుంటూ పోతాడు. జింకై పుడతాడు. అందరూ అయ్యో అన్నారు. నేను మాత్రం నాకు కావలసిన ముక్క ఏరుకుని కొంగున కట్టుకుని వచ్చాను. నాయన రాజు, విమల జింకపిల్ల. పోయే ముందు ఆయన మనసు దాని మీదికి పోకూడదు. ఆ బంధాన్ని తెంపడం ఆయనకు మేలు చేయడమే. ఎంత చవగ్గా దొరికిందో చూడండి. దేవుడి కథను కూడా నాకు అనుకూలంగా బేరమాడి తెచ్చుకున్నాను. ఆ కథలో రాజును నేనే కావచ్చన్న ఆలోచన మాత్రం గుమ్మం దాకా కూడా రాలేదు.

ఇక ఆ రోజు. పొద్దున పది, పదకొండు మధ్య. దుకాణం ముందు ఒక జీపు ఆగింది. వెనక సీట్లు తీసేసి పరుపు పరిచారు. ఉతికిన దుప్పటి, రెండు తలగడలు, పక్కన మంచినీళ్ల సీసా. విమల దిగింది. దాని భర్త జీపు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. మా చిన్నాయన, నాయనకు తమ్ముడు, అప్పటికే అరుగు మీద నాయన మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. ఆయన ఆఫీసు ఉద్యోగం చేసిన మనిషి, వేళ్ల బేరం తెలియదు. జీపును చూసి ఎదురు దుకాణం శెట్టి కూడా వచ్చాడు.

"అక్కా, నాయనను చూసి పోదామని రాలే. తీస్కపోదామనే వచ్చిన" అంది విమల.

"తీస్కపోతానికి ఆయనేమన్న చింతపండు బస్తానా?" అన్నాను.

"నువ్వొక్కదానివే ఎన్నాళ్లు చేస్తవ్? ఎట్లయినవో అద్దంల చూస్కున్నవా? ఆర్నెల్లు నా దగ్గర ఉంచుకుంట. ఖమ్మంల పెద్ద డాక్టరుకు చూపిస్త. ఆయనకు నచ్చకపోతే నేనే తెచ్చి దింపుత."

"ఐదేండ్లయింది ఆయన నీ పేరెత్తక."

"ఎత్తకపోతే ఎత్తకపాయె. తిట్టేటందుకన్న రమ్మను."

చిన్నాయన నవ్వాడు. "మీరెందుకు కొట్లాడుడు. మనిషి ఎదురుంగనే ఉన్నడు, ఆయననే అడుగుండ్రి. బిడ్డా, నువ్వడుగు, నీకే తెలుస్తది."

"అవ్ అక్కా, అడుగు. ఆయన వద్దంటే ఇన్ని మంచినీళ్లు తాగి మా దారిన మేం పోతం."

"మల్ల తువ్వాల ఎందుకు? బయటనే అడుగరాదు, మేం గూడ చూస్తం" అన్నాడు శెట్టి.

"ముప్పై ఏండ్ల సంది ఎదురుంగ ఉన్నవ్. ఆయన చెయ్యి బయట ఎన్నడన్న చూసినవా, శెట్టీ?" అన్నాను.

అందరూ నవ్వారు. బేరంలో నేను గెలిచే పద్ధతి అదే. ముందు నవ్వించాలి.

మంచం పక్కన కూర్చుని తువ్వాల కప్పాను. లోపల నాయన చేయి సిద్ధంగా ఉంది. చల్లగా, తడిగా ఉంది.

"నాయనా, విమల వచ్చింది. వాళ్లింటికి పోదామంటుంది. పోతవా?"

నా నాలుగు వేళ్లూ కలిపి నొక్కాడు. ఆ వయసులో, ఆ జబ్బులో అంత బలం ఎక్కడ దాచుకున్నాడో. సరే. ఖాయం.

నేను మళ్లీ అడిగాను. ఈసారి ప్రశ్నను కొంచెం నా వైపు వంచాను. "ఇల్లిడిచి పోతవా నాయనా? నన్నిడిచి?"

మళ్లీ నొక్కాడు. కొంచెం మెల్లగా. నా కోసం మెల్లగా నొక్కాడేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. మూడోసారి నేను అడగలేదు. తనే నొక్కాడు.

నేను తలెత్తి విమల వైపు చూశాను. "వద్దంటున్నడు" అన్నాను.

తువ్వాల కింద ఆ చేయి ఆగిపోయింది. నా వేళ్ల చుట్టూ అలాగే ఉండి, బిగువు మాత్రం వదిలేసింది. నేను ఆ వేళ్లను పట్టుకున్నాను. ఆయన లాక్కున్నాడు. తువ్వాల జారి కింద పడింది. వంకరపోయిన ఆ చేయి అందరి ముందూ, మొదటిసారి, బయట ఉంది.

"తెగింది పో" అన్నాడు శెట్టి, జాలిగానే.

నాయన నాతో బేరం తెంచుకున్నాడు. చూసినవాళ్లకు విమలను కాదన్నట్టు కనిపించింది. నా అబద్ధానికి ఆయన చేయే సాక్ష్యం చెప్పింది. నేను ఎంత తెలివిగా ఆలోచించినా అంత బాగా కుదిర్చి ఉండేదాన్ని కాదు.

నాయన కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. విమల అది చూసి ఒక అడుగు ముందుకు వేసింది. "ఆయన దేనికైనా ఏడుస్తడు. డాక్టరే చెప్పిండు" అన్నాను.

అది ఏడవలేదు. "అట్లనే" అంది. నాయన పాదాలకు తల ఆనించింది. చెప్పినట్టే మంచినీళ్లు అడిగి తాగింది. పరుపు పరిచిన జీపు ఖాళీగా వెనక్కి తిరిగింది. మలుపు దగ్గర తలగడ ఒకటి దొర్లి పడబోతే మాస్టారు చేయి చాపి పట్టుకున్నాడు. ఎందుకో అది నాకు బాగా గుర్తుంది.

ఆ తర్వాత నాయన తొమ్మిది నెలలు బతికాడు. ఆ తొమ్మిది నెలల్లో నాకు చేయి ఇవ్వలేదు. తువ్వాల కప్పితే పిడికిలి బిగించేవాడు. ముద్ద పెడితే తినేవాడు, స్నానం చేయిస్తే చేయించుకునేవాడు. వేళ్లు మాత్రం లేవు. డాక్టరు చూసి ఈ చేయి కూడా పోయినట్టుందన్నాడు. అవునన్నాను. పోలేదని నాకు తెలుసు. ఎలాగంటారా? గూడెం నుంచి ముత్తమ్మ అని ఒక ముసలామె ముప్పై ఏళ్లుగా మాకు తేనె తెచ్చేది. ఒక సంతరోజు నాయనను చూడటానికి లోపలికి వచ్చి మంచం దగ్గర కూర్చుంది. నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను. నాయన పిడికిలి విప్పాడు. ఆమె చేయి పట్టుకున్నాడు, ఏ తువ్వాలా లేకుండా. చాలాసేపు అలాగే ఉన్నారు.

పోతూ పోతూ ముత్తమ్మ నాతో, "చెయ్యి మంచిగనే ఉంది గద బిడ్డా" అంది.

"ఒక్కోపాలి వస్తది" అన్నాను.

అప్పుడైనా నేలకొండపల్లికి ఒక ఉత్తరం ముక్క రాయొచ్చు. తొమ్మిది నెలల్లో ఎన్ని పొద్దులున్నాయి? ప్రతి పొద్దూ రేపు రాద్దామనుకున్నాను. భయమా? సిగ్గా? అవి ఉన్నాయి. వాటి కింద ఇంకోటి కూడా ఉంది. పిడికిలి బిగించుకున్నా సరే, నా దగ్గరే ఉన్నాడు కదా. అంత నీచంగా ఉంటుందా మనిషి మనసు? మీది ఎలా ఉంటుందో తెలియదు. నాది అలాగే ఉంది.

నాయన పిడికిలితోనే పోయాడు. మంచం మీంచి కింద చాప మీదికి దింపాక ఆ వేళ్లు విప్పి చాపింది నేను. చనిపోయాక తేలిగ్గానే వచ్చాయి.

పదకొండో రోజున విమల, మాస్టారు వచ్చారు. ఆ మాస్టారు మీద నాకు అంతవరకూ మంచి మాట లేదు. వాళ్ల ఊరి బయట బౌద్ధుల కాలం నాటి పెద్ద ఇటుకల దిబ్బ ఉంది. దాన్ని చూస్తూ చూస్తూ ఆయన బుద్ధుడి సంగతులు చదవడం మొదలుపెట్టాడట. అరుగు మీద కూర్చుని చిన్నాయనతో ఏదో మాటల్లో అన్నాడు. బుద్ధుణ్ని నమ్మేవాళ్లు ప్రేమకు ఇద్దరు శత్రువులు ఉంటారని చెబుతారట. దూరపు శత్రువు ద్వేషం. దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. దగ్గరి శత్రువు పట్టు, 'నాది' అనే పట్టు. అది అచ్చం ప్రేమలాగే ఉంటుంది, అందుకే ఇంట్లోకి రానిస్తాం. ఆయనకు నా సంగతేమీ తెలియదు. మంచినీళ్ల చెంబు పట్టుకుని వెనక నిలబడి విన్నాను.

దుకాణం పిల్లను, నాకు అది మిరియాల లెక్కలో అర్థమైంది. మిరియాల్లో ఎండిన బొప్పాయి గింజలు కలుపుతారు. మేము కలపలేదని ప్రమాణం చేయను. నలుపు ఒకటే, ముడత ఒకటే, చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు. నీళ్లలో వేయాలి. మంచి మిరియం మునుగుతుంది, బొప్పాయి గింజ తేలుతుంది. ఆ రోజు ఆ జీపే నీళ్లు. నాయన పోతానన్నాడు, నేను పైకి తేలాను. నాయన వద్దన్నాడనుకుంది, విమల మునిగింది. ఆయనకు ఇష్టం లేదనుకున్న క్షణంలోనే చేయి వదిలేసింది. దాని ప్రేమ తక్కువని నేను అప్పుడనుకున్నాను. ఎక్కువ ఉంటే లాక్కుపోయేది కదా అనుకున్నాను. నా కొలతే అది.

సేవ చేశాను కదా అని ఒక్కోసారి నాకు నేను చెప్పుకుంటాను. కడిగాను, తుడిచాను, తినిపించాను. చేసిన పనికి ఫలం ఆశించకూడదని పెద్దలంటారు. నేను ఆశించలేదు. ముందే తీసేసుకున్నాను.

ఇంకో బేరం కూడా ఆడతాను. ఆ గతుకుల దారిలో జీపులో నాయన దారిలోనే పోయేవాడేమో. ఖమ్మం డాక్టరు మాత్రం ఏం చేసేవాడు. నేను తీసింది తొమ్మిది నెలలే, అదీ జబ్బు మనిషి తొమ్మిది నెలలు. ఇలా తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ వస్తాను. ఎంత తగ్గించినా మూడుసార్లు నొక్కిన ఆ వేళ్ల దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి రాదు.

పోయిన ఎండాకాలం నేలకొండపల్లి వెళ్లాను. పచ్చడికి మిరపకాయలు ఏరుతున్నాం, ఎర్రవి ఒక పక్కకు, తాలు కాయలు ఒక పక్కకు. చేతులు ఆడిస్తూనే విమల, "నాయన నన్ను వద్దన్నడు గద అక్కా. ఆ మాట ఎట్లుంటదో నాకెరుక. అందుకే నా పిల్లలు ఏంజేసినా వద్దు అనొద్దని అనుకున్న" అంది.

కోపం లేదు ఆ గొంతులో. నా అబద్ధం మీద అది ఒక మంచి ఇల్లు కట్టుకుంది. ఇప్పుడు పునాది తీయనా? తీయకపోతే అది దాని కోసమా, నా కోసమా? కన్నవాడికి తను అక్కర్లేదని అది పదకొండేళ్లుగా నమ్ముతోంది. తీసేస్తే దాని నాయన దానికి తిరిగి వస్తాడు, అక్క పోతుంది. నాకు అది తప్ప ఎవరూ లేరు. మళ్లీ అదే లెక్క, చూశారా. మళ్లీ అదే పీట.

ఆ రోజు చెప్పలేదు. కారం పడిన చేయి కంట్లో పెట్టుకున్నానని చెప్పి లేచి వచ్చేశాను. రేపు చెబుతానని మీకు మాట ఇవ్వను. నా మాట ఎలాంటిదో మీకిప్పుడు తెలుసు. క్షమించమని కూడా అడగను. అది మీ దగ్గర దొరికే సరుకు కాదు. దొరికే చోట అడగడానికి నాకు ఇంకా ధైర్యం రాలేదు.

ఒక్కటి మాత్రం, ఏ తువ్వాలా కప్పకుండా, ఇక్కడ రాసిపెడుతున్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నా నోటి నుంచి రాని మాట.

విమలా, నాయన వస్తానన్నాడు. మూడుసార్లు అన్నాడు.